పెట్టెకు ఏడిళ్ళు

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు.
మా ఇంట్లో తిరిగింది పిల్లి కాదు,
దాని ఇసుక పెట్టె.
తిప్పింది నేను.

మొదట స్నానాలగదిలో, వాషింగ్ మెషీన్ పక్కన పెట్టాను.
నాలుగో రోజు, రుద్జిస్ సరిగ్గా కూర్చున్న వేళకి
మెషీన్ బట్టలు పిండడం మొదలెట్టింది.
కాలు కాలిన పిల్లి అనే మాట వినడమే గానీ
కళ్ళారా చూడడం అదే.
ఆ సాయంత్రం నా ఎడమ బూటు తడిసింది.

గుమ్మం దగ్గరికి మార్చాను.
మెట్ల మీద గుంతిస్ దగ్గితే చాలు
పని సగంలో ఆపి పరుగు.
వంటింట్లో, తిండిగిన్నెకు జానెడు దూరంలో పెడితే
జీలే వచ్చి పెట్టెను చూసింది, గిన్నెను చూసింది,
తర్వాత నన్ను చూసింది.
మా అత్తగారు కూడా ఎప్పుడూ అలా చూడలేదు.
బాల్కనీలో జనవరి. తడి తగిలిన ఇసుక రాయైపోయింది.
బీరువా అడుగున, చీకట్లో బాగానే ఉంటుందనుకున్నాను,
కానీ దానికి ఒకటే దారి,
లోపల రుద్జిస్, దారికడ్డంగా జీలే, తోక ఊపుతూ.

మధ్యలో ఒకసారి చవగ్గా వస్తోందని
లావెండర్ వాసన ఇసుక కొన్నాను.
ఇద్దరూ సమ్మె కట్టారు.

ఇసుక తెలియనిదాన్ని కాదు నేను.
ఇరవయ్యారేళ్ళు దౌగవ నది సముద్రంలో కలిసేచోట
పూడిక తీసే ఓడ మీద క్రేను నడిపాను.
శరత్కాలం దాకా దారి తవ్వేవాళ్ళం.
శీతాకాలపు తుపాన్లకు సముద్రం దాన్ని పూడ్చేది.
మంచు కరగ్గానే మళ్ళీ మేమే.
బకెట్‌లోకి వచ్చింది ఇసుకో బురదో
లివరు పట్టుకున్న చేతికే తెలిసిపోయేది.
నాలుగున్నర కిలోల జంతువు ముందు
ఆ సర్వీసంతా చెల్లలేదు.

డాక్టరు దాత్సె కళ్ళజోడు తీయకుండానే చెప్పింది:
రెండు పిల్లులకు మూడు పెట్టెలు, ఔస్త్రా గారూ.
మూడూ ఒకేచోట వరసగా పెడితే వాటి లెక్కలో అది ఒక్కటే.
మూత తీసెయ్యండి. వాసన లేని ఇసుక, రెండంగుళాలు.
రోజూ ఎత్తిపొయ్యండి, మీకు ఓపిక లేకపోయినా.
మగపిల్లి ఒక పూటంతా వెళ్ళకపోతే మాత్రం
అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యండి.

ఇంకో మాట, అంది.
రుద్జిస్‌కు పధ్నాలుగేళ్ళు, కీళ్ళు పోయాయి.

అప్పుడు చూశాను.
వాడు గట్టు ముందు నిలబడి
ముందుకాలు ఎత్తుతాడు, దించుతాడు,
ఎవరూ చూడలేదు కదా అన్నట్టు చెవి గోక్కుంటాడు.
స్నానాలగదిలో కూర్చుని, చిన్న రంపంతో
పెట్టె ముందువైపు మూడు వేళ్ళ ఎత్తుకి కోశాను.
పొట్టకు గీసుకోకుండా గరుకు కాగితంతో రుద్దాను.
తల ఎత్తితే ఎదురుగా నా స్నానపు తొట్టి.
దాని గట్టు నా మోకాలికి పైన.
మూడు నెలలుగా నేనూ కాలు ఎత్తి, దించి,
వాష్‌బేసిన్ దగ్గర తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుంటున్నాను.
ఎవరికీ చెప్పలేదు.
చెప్పినా ఏం లాభం, ఇనుప తొట్టి, రంపానికి తెగదు.

మర్నాడు గుంతిస్ తలుపు తట్టాను.
స్నానాలగది గోడకు ఒక పిడి బిగించాలి,
డ్రిల్లు తెస్తావా అన్నాను.
పిల్లికా? అన్నాడు.
అవునన్నాను.

కోసిన పెట్టె ఇప్పుడు నా మంచం కాళ్ళవైపు ఉంది.
అదే ఏడో ఇల్లు.
వచ్చినవాళ్ళు ముక్కు ముడుచుకుంటారు, వచ్చేదీ తక్కువే.

రాత్రి మూడింటికి గోకుడు.
దీపం వెయ్యను. వింటే చాలు.
రుద్జిస్ రెండుసార్లు గోకి వదిలేస్తాడు.
వాడు వెళ్ళాడంటే ఇవాళ్టికి ఫోన్ అక్కర్లేదు.
కాసేపటికి జీలే వస్తుంది.
అది తనదీ వాడిదీ కప్పి, ఇంకా చాలక
పెట్టె గోడను, నేలను, గాలిని గోకుతుంది.

పూడ్చనీ.
పొద్దున్నే నేను తీస్తాను.